ఖండిత ఎవరు? – హిప్‌హాప్ అభిమాని నిష్ఠూరంపై ఒక పరిశీలన

తెలుగులో నిష్ఠూరమనే మాటకు ఒక ప్రత్యేకత ఉంది. ఎవరినైనా నిందించవచ్చు, ఎవరినైనా దూషించవచ్చు. నిష్ఠూరమాడేది మాత్రం అయినవారినే. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్ ప్రాంతంలో 1970లలో నల్లజాతి, కరీబియన్, ప్యూర్టోరికన్ యువత చేతుల్లో రూపుదిద్దుకొన్న హిప్‌హాప్‌ను చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన అభిమాని నేటి హిప్‌హాప్‌ను గురించి పలికే మాట ఈ కోవకు చెందినది. పాటలో మాట పోయిందని, మాటలో అర్థం పోయిందని, అందరి గొంతూ ఒకటే అయిందని, డబ్బు తప్ప మరో వస్తువు మిగలలేదని అతడు అంటాడు. అంటూనే వింటాడు. కొత్త ఆల్బమ్ వచ్చిన రాత్రి మేలుకొని ఉండేదీ అతడే.

దీనిని వయసు మళ్ళినవారి సణుగుడుగా తీసిపారేయడం సులభం. అయితే హిప్‌హాప్ విషయంలో ఈ మాట శ్రోతల నోటనే ఆగిపోలేదు. కళాకారులే దానిని పాటగా కట్టారు. ఆ పాటలు ఆ కళలో ఉత్తమ రచనలుగా నిలిచాయి కూడా. కాబట్టి దీనిని ఒక అభిప్రాయంగా కాక ఒక కావ్యవస్తువుగా చదవవలసి ఉంది. మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఏ సంబంధాన్ని పురస్కరించుకొని, నేరం ఎవరిమీద మోపుతున్నారు అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

‘ఆమె’ అనే రూపకం

ఈ నిష్ఠూరానికి ప్రామాణిక రూపమిచ్చిన రచన 1994లో వచ్చింది. చికాగోకు చెందిన కామన్ (అప్పటికి అతడి పేరు కామన్ సెన్స్) ‘రిసరెక్షన్’ ఆల్బమ్‌లో పాడిన ‘ఐ యూజ్డ్ టు లవ్ హెచ్.ఇ.ఆర్.’ అనే పాట అది. బాల్యంలో పరిచయమైన ఒక అమ్మాయి కథగా పాట నడుస్తుంది. మొదట ఆమెలో ఆడంబరం లేదు. తర్వాత ఆమెకు తన జాతి మూలాల మీద ధ్యాస కలిగింది. తర్వాత పడమటి తీరానికి వెళ్ళింది, కొత్త స్నేహాలు పట్టింది, వేషం మార్చింది, అందరికీ అందుబాటులోకి వచ్చింది. పాట చివర ఆ అమ్మాయి పేరు హిప్‌హాప్ అని తెలుస్తుంది. అర్థం తెలిశాక పాటను మళ్ళీ మొదటినుంచి వినవలసిన నిర్మాణమిది. రూపకం ఎక్కడా సడలదు. శిల్పపరంగా దీనికి సాటివచ్చే ర్యాప్ రచనలు తక్కువ.

ఆ శిల్పమే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. కళ మారిందని చెప్పడానికి స్త్రీ చెడిపోయిందని చెప్పడం మార్గమైంది. కళకు మార్కెట్టు ఉంది, చట్టాలున్నాయి, యజమానులున్నారు. చెడిపోయిన స్త్రీకి రూపకంలో శీలం ఒక్కటే ఉంటుంది. నేరం వ్యవస్థ మీద నుంచి జారి నడవడి మీద పడుతుంది. ఈ పాటను తమ మీద దాడిగా తీసుకొన్న పడమటి తీరపు ర్యాపర్లలో ఐస్ క్యూబ్ 1995లో బదులిచ్చాడు. 1996లో కామన్ దానికి మారుబదులు చెప్పాడు. ఆ మారుబదులు పాట పేరులోనే స్త్రీని దూషించే మాట ఉంది. దానిని అతడు ప్రత్యర్థి పురుషుడికి తగిలించాడు. ప్రేయసి పరువు కోసం మొదలైన తగవు రెండేళ్ళలో స్త్రీనామాన్ని తిట్టుగా వాడే చోటికి చేరింది. రూపకంలో దాగిన చూపు ఆ విధంగా బయటపడింది.

నిష్ఠూరానికి తొలి తేదీ ఏది?

అభిమాని ఒక స్వర్ణయుగాన్ని ఊహించుకొంటాడు. సాధారణంగా అది 1986కూ 1996కూ మధ్య ఉంటుంది. అతడి కౌమారం కూడా ఆ మధ్యనే ఉండడం యాదృచ్ఛికం కాదు. కాని హిప్‌హాప్ చెడిపోయిందన్న ఫిర్యాదు ఆ స్వర్ణయుగం కంటే పాతది. 1979లో వచ్చిన ‘ర్యాపర్స్ డిలైట్’ ర్యాప్‌ను తొలిసారి విస్తృత ప్రజాదరణ గల రికార్డుగా మార్చింది. బ్రాంక్స్ ఉత్సవాల్లో ఏళ్ళ తరబడి పాడుతున్నవారికి అది పాడిన షుగర్‌హిల్ గ్యాంగ్ ఎవరో తెలియదు. పైగా ఆ బృందంలోని బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన పాదాలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కవివి. హ్యాంక్ వాటిని ఎంత యథాతథంగా తీసుకొన్నాడంటే, కాజ్ తన పాత పేరును అక్షరం అక్షరం విడదీసి చెప్పుకొన్న చోటును కూడా మార్చలేదు. మువ్వగోపాల ముద్రను అలాగే ఉంచి పదాన్ని మరొకరు తమదిగా పాడుకొన్నట్టయింది. ఆ లెక్కన హిప్‌హాప్ పతనం దాని తొలి విజయంతోనే మొదలైందని చెప్పాలి.

తర్వాతి ఫిర్యాదులన్నీ ఈ కొలమానంతో చూడదగినవి. 1996లో డి లా సోల్ బృందం ‘స్టేక్స్ ఈజ్ హై’ అనే ఆల్బమ్‌లో హింసనూ భోగాన్నీ తలకెత్తుకొన్న తమ సమకాలికులను ఎత్తిపొడిచింది. 2006లో నాస్ తన ఆల్బమ్‌కు ‘హిప్ హాప్ ఈజ్ డెడ్’ అని పేరుపెట్టాడు. ఆ మరణవార్త దక్షిణ రాష్ట్రాల ర్యాపర్లకు తమమీద నిందగా వినిపించింది, అందులో వింత లేదు. 1995లో న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ పురస్కార సభలో అట్లాంటాకు చెందిన అవుట్‌కాస్ట్ ఉత్తమ నూతన బృందంగా ఎంపికైనప్పుడు సభ హేళనతో అరిచింది. దక్షిణాదికీ చెప్పవలసినది ఉందని ఆండ్రే 3000 వేదికమీద నుంచి అన్నాడు. నేటి పాత అభిమాని అవుట్‌కాస్ట్‌ను స్వర్ణయుగపు జాబితాలో చేర్చి, ఆ సభలో తనలాంటివారే అరిచారన్న సంగతి మరచిపోతాడు. నేరస్థులు మారుతూ వచ్చారు: మొదట రికార్డు, తర్వాత పడమర, తర్వాత దక్షిణం, ఇప్పుడు పిల్లలు. నిష్ఠూరపు వాక్యం మాత్రం మారలేదు.

అంతమాత్రాన అభిమాని బాధ అబద్ధమా? కాదు. ప్రతి తరం ఇలాగే అంటుందన్న సమాధానం బాధను వివరించదు, దానికి ముసుగు వేస్తుంది. అతడు పోగొట్టుకొన్నదేమిటో విడిగా చూడాలి.

ఏది పోయింది?

అతడి ప్రేమకు రెండు ఆధారాలు కనిపిస్తాయి. ఒకటి మాట. ఎరిక్ బి., రకీమ్‌ల ‘పెయిడ్ ఇన్ ఫుల్’ (1987) వరకు ర్యాప్‌లో అంత్యప్రాస ప్రధానం. పాదం చివర వాక్యమూ ఆగేది, ప్రాసా పడేది. రకీమ్ ప్రాసను పాదమధ్యంలోకి తెచ్చాడు, ఒకే అచ్చుల వరుసను నాలుగైదు చోట్ల పొదిగాడు, వాక్యాన్ని పాదాంతం దాటించి తర్వాతి పాదం నడుమ ఆపాడు. పాదాంతంలో వాక్యం ఆగనక్కరలేదని తిక్కన పాఠకులకు ఎవరూ చెప్పనవసరం లేదు. కాని నాలుగు దెబ్బల తాళం మీద, ఊపిరి అందే లోపల, అలా చేయడం వేరు. అతడు చిన్నప్పుడు సాక్సఫోన్ వాయించినవాడు. జాన్ కోల్ట్రేన్ వాదన నుంచి నేర్చుకొన్న విరుపు ఆ నడకలో ఉంది. ఇలాంటి పాదం తొలి శ్రవణంలో సగమే అందుతుంది. క్యాసెట్టును వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. ఆ శ్రమలో శ్రోత కూడా రచనలో పాలుపంచుకొన్నాడు. ఇప్పుడు తనకు ఆ పని లేకుండా పోయిందన్నది అతడి అసలు ఫిర్యాదు. అర్థం లేదనడం దానికి పెట్టిన తప్పు పేరు.

రెండవ ఆధారం జ్ఞాపకం. హిప్‌హాప్ సంగీతం పాత రికార్డుల మీద కట్టిన సంగీతం. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ ఎవెన్యూలోని 1520వ నంబరు భవనంలో, జమైకా నుంచి వలస వచ్చిన డీజే కూల్ హెర్క్ వాయించినది కొత్త పాట కాదు. పాత ఫంక్, సోల్ పాటల్లో గానం ఆగి డప్పులు మాత్రమే మోగే తునకను ఎడతెగకుండా సాగదీసే పద్ధతిని అతడు ఆ కాలపు ఉత్సవాల్లో పెంచి పోషించాడు. తర్వాత శాంప్లింగ్ యంత్రాలు ఈ పనిని స్టూడియోలోకి తెచ్చాయి. పబ్లిక్ ఎనిమీ ‘ఇట్ టేక్స్ ఎ నేషన్ ఆఫ్ మిలియన్స్ టు హోల్డ్ అస్ బ్యాక్’ (1988), డి లా సోల్ ‘3 ఫీట్ హై అండ్ రైజింగ్’ (1989) వంటి ఆల్బమ్‌లలో ఒక్కొక్క పాటలో ఎన్నో రికార్డుల తునకలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయి. వినేవాడు తండ్రి పెట్టెలోని రికార్డును కొడుకు పాటలో గుర్తుపట్టేవాడు. పూర్వకవి స్తుతి చేసి కావ్యం మొదలుపెట్టే సంప్రదాయం ఎరిగిన తెలుగు పాఠకుడికి ఇది అపరిచితం కాదు. తేడా ఒక్కటే: ఇక్కడ పూర్వకవి గొంతు కూడా కావ్యంలో వినిపిస్తుంది.

ఈ జ్ఞాపకం పల్చబడడానికి కుర్రవాళ్ళ అజ్ఞానాన్ని కారణం చెప్పడం పరిపాటి. అసలు కారణాల్లో పెద్దది న్యాయస్థానం. 1991 డిసెంబరులో బిజ్ మార్కీ అనే ర్యాపర్, గిల్బర్ట్ ఓ’సలివన్ పాట నుంచి అనుమతి లేకుండా తునక తీసుకొన్న కేసులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయమూర్తి కెవిన్ డఫీ తీర్పునిచ్చాడు. దొంగతనం చేయరాదన్న బైబిలు ఆజ్ఞతో ఆ తీర్పు మొదలవుతుంది. ఒక సంగీత నిర్మాణ పద్ధతిని అర్థం చేసుకొనే ప్రయత్నం అందులో కనిపించదు. 2005 నాటి బ్రిడ్జ్‌పోర్ట్ కేసులో మరో ఫెడరల్ న్యాయస్థానం, ఫంకడెలిక్ రికార్డు నుంచి ఎన్.డబ్ల్యు.ఏ. బృందం తీసుకొన్న సుమారు రెండు సెకన్ల గిటారు తునకకు కూడా అనుమతి తప్పదన్నది. పది తునకలకు పది అనుమతులు, పది చెల్లింపులు. పేర్చే పద్ధతి సంపన్నుల అలంకారమైంది. కొత్తవారికి మిగిలింది డ్రమ్ యంత్రమూ కీబోర్డూ. నేటి ట్రాప్ సంగీతపు బోలు శబ్దాన్ని పేదరికంగా వినే అభిమాని, ఆ పేదరికంలో ఒక భాగం తీర్పుల నుంచి వచ్చిందని గుర్తించడు.

డి లా సోల్ తర్వాతి కథ ఇంకా చేదైనది. టర్టిల్స్ బృందం సభ్యులు వేసిన దావా న్యాయస్థానం వెలుపల రాజీతో ముగిసింది. కాని తునకల హక్కుల చిక్కుముడి వల్ల వారి తొలి ఆల్బమ్‌లు స్ట్రీమింగ్ వేదికల మీదికి ఏళ్ళ తరబడి రాలేదు. ఒక తరం శ్రోతలకు ఆ సంగీతం దొరకనే లేదు. చివరికి 2023 మార్చి 3న అవి వచ్చాయి. బృంద సభ్యుడు డేవిడ్ జోలికోర్ అంతకు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 12న మరణించాడు. పిల్లలకు పాత పాటలు తెలియవని నిష్ఠూరమాడేవారు ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి.

రేడియో సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1996 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం ఒక సంస్థకు దేశమంతటా నలభై కేంద్రాలకు మించి ఉండరాదన్న పరిమితిని ఎత్తివేసింది. కొన్నేళ్ళలో క్లియర్ చానెల్ అనే ఒక్క సంస్థ చేతికి పన్నెండు వందలకు పైగా కేంద్రాలు వచ్చాయి. ఊరికొక రుచి పోయి దేశానికొక జాబితా మిగిలింది. ట్రిషియా రోజ్ ‘ది హిప్ హాప్ వార్స్’ (2008)లో హిప్‌హాప్ వస్తువు కుంచించుకుపోవడానికీ ఈ గుత్తాధిపత్యానికీ ముడివేసింది. ఆమె వాదన అభిమాని నిష్ఠూరం కంటే కఠినమైనది, న్యాయమైనది కూడా. స్ట్రీమింగ్ వచ్చాక లెక్క మళ్ళీ మారింది. స్పాటిఫైలో ముప్పై సెకన్లు వింటే అది ఒక శ్రవణంగా లెక్కకు వస్తుంది. ఎదురుచూడవలసిన ఆరంభాలు తగ్గాయి, పాటలు పొట్టివయ్యాయి, ఆల్బమ్‌లు పొడుగయ్యాయి. 2018లో డ్రేక్ ‘స్కార్పియన్’లో ఇరవై అయిదు పాటలున్నాయి, 2019లో పంతొమ్మిది వారాలు బిల్‌బోర్డ్ ప్రథమస్థానంలో నిలిచిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ తొలి రూపం రెండు నిమిషాలు కూడా లేదు.

గొంతు సంగతి

కొత్తవారి మీది ఆరోపణల్లో ముఖ్యమైనది గొణుగుడు. మాటలు నమిలి మింగేస్తారని, ఆటోట్యూన్ వెనుక దాక్కొంటారని అంటారు. యంగ్ థగ్, ఫ్యూచర్ వంటి అట్లాంటా గాయకుల దగ్గర మాట నిజంగానే కరుగుతుంది. కాని కరిగి ఏమవుతుందన్నది వినాలి. యంగ్ థగ్ ఒకే పాదంలో అరుపు నుంచి గుసగుసకు, గుసగుస నుంచి కూనిరాగానికి మారతాడు. అక్షరం అర్థాన్ని వదిలి భావాన్ని పట్టుకొంటుంది. రాగాలాపనలో అర్థమేదని అడగని సంస్కృతికి ఇది అంత పెద్ద నేరంగా తోచకూడదు. మీగోస్ బృందం 2013లో ‘వర్సాచీ’ పాటతో ప్రచారంలోకి తెచ్చిన, దెబ్బకు మూడేసి అక్షరాలు పొదిగే నడక తిస్రగతి తప్ప మరొకటి కాదు. అది కొత్తదీ కాదు. మెంఫిస్ ర్యాపర్లు 1990లలోనే దానిని వాడారు. దోషం ఆ గతిలో లేదు. అందరూ అదే గతిలో నడవడంలో ఉంది. ఇక్కడ మాత్రం అభిమాని చెవిని తప్పుపట్టలేము.

కెండ్రిక్ లమార్ వచ్చాక అభిమానికి ఊరట దొరికింది. ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ (2015) చివర, 1996లో మరణించిన టూపాక్ 1994లో ఇచ్చిన ముఖాముఖి నుంచి అతడి మాటలు తీసుకొని, వాటి నడుమ తన ప్రశ్నలు చేర్చి, లమార్ ఒక సంభాషణ కట్టాడు. పాత జ్ఞాపకాన్ని కొత్త పద్ధతిలో తెరవడమంటే ఇది. 2018లో ‘డామ్’ ఆల్బమ్‌కు పులిట్జర్ సంగీత పురస్కారం వచ్చింది. శాస్త్రీయ, జాజ్ సంగీతాల వెలుపల దానిని అందుకొన్న తొలి రచన అదే. అయితే లమార్‌ను మినహాయింపుగా పూజించడం అభిమానికి ఒక సౌకర్యం. తన చెవి మారనక్కరలేకుండా వర్తమానంతో రాజీ కుదిరినట్టవుతుంది.

తెలుగు శ్రోతకు ఈ తగవులో భాగం తక్కువ. కామన్ పాట వచ్చిన 1994లోనే ‘ప్రేమికుడు’ అనే అనువాద చిత్రంలోని ‘పేట ర్యాప్’ ద్వారా ఆ మాట ఇక్కడ చాలామంది చెవిన పడింది. అది సినిమాపాటకు ఒక కొత్త చేర్పుగా వచ్చింది. చేర్పుగా వచ్చినదానిమీద ఎవరూ నిష్ఠూరమాడరు. దానికి ముందు చుట్టరికం ఉండాలి. తెలుగు విమర్శ ఈ చర్చకు ఇవ్వగలది మరొకటి ఉంది. అది నాయికాభేద వివేచన.

మాట ఎవరిది?

ప్రియుడు మరొకతె గుర్తులతో తెల్లవారి ఇంటికి వస్తే నిలదీసే నాయిక ఖండిత. క్షేత్రయ్య పదాల్లో ఆమె గొంతు ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చెప్పనక్కరలేదు. తప్పు చేసినవాడు మువ్వగోపాలుడు, అడిగేది స్త్రీ. ఆమె ఎత్తిపొడుస్తుంది, వెటకారమాడుతుంది, తలుపు వేస్తుంది. ప్రేమ లేదని మాత్రం అనదు. కామన్ పాటలో ఈ అమరిక తలకిందులైంది. ఖండిత వాక్కును పురుషుడు పలికాడు. దారి తప్పినది స్త్రీ. ఆమెకు బదులు చెప్పే అవకాశం పాటలో లేదు. క్షేత్రయ్య కూడా పురుషుడే కదా, స్త్రీ గొంతును అరువు తెచ్చుకొన్నవాడే కదా అన్న అభ్యంతరం సరైనదే. అందుకే ఇక్కడ ముద్దుపళనిని కూడా తలచుకోవాలి. ‘రాధికాసాంత్వనం’లో కోపం రాధది, బతిమాలుకోవడం కృష్ణుడిది, రచన స్త్రీది.

ఈ దృష్టితో వెనక్కి చూస్తే హిప్‌హాప్ చరిత్ర వేరుగా కనిపిస్తుంది. 1984లో యు.టి.ఎఫ్.ఓ. అనే పురుష బృందం తమను లెక్కచేయని రొక్సాన్ అనే అమ్మాయిమీద పాట కట్టింది. క్వీన్స్‌లో పద్నాలుగేళ్ళ బాలిక ఆ పేరునే ధరించి, రొక్సాన్ షాంటేగా ‘రొక్సాన్స్ రివెంజ్’ పాడి వారిని చిత్తుచేసింది. రూపకంలోని స్త్రీ లేచి నిలబడి బదులు చెప్పిన సందర్భమిది. కామన్ పాటకు పదేళ్ళ ముందు. 1973 నాటి ఉత్సవాన్ని తలపెట్టినది హెర్క్ చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్, బడి బట్టలకు డబ్బు కూడబెట్టుకోవడానికి. ‘ర్యాపర్స్ డిలైట్’ను నిర్మించినది సిల్వియా రాబిన్సన్. ఆమె సంస్థ నుంచే 1982లో ‘ది మెసేజ్’ వచ్చింది. వీరెవరూ ఎవరో తీసుకుపోతే పోయే ‘ఆమె’లు కారు.

స్వర్ణయుగం వీరికి స్వర్ణంగా లేదు. 1991లో టెలివిజన్ వ్యాఖ్యాత డీ బార్న్స్‌పై డాక్టర్ డ్రే దాడి చేశాడు. న్యాయస్థానంలో అభియోగాన్ని ఎదిరించలేదు. మరుసటి ఏడాది వచ్చిన అతడి ‘ది క్రానిక్’ అభిమానుల అరల్లో మకుటాయమానమైంది. 2015లో అతడి పాత బృందం మీద తీసిన చలనచిత్రం ఆ దాడిని ప్రస్తావించనే లేదు. బార్న్స్ ఆ మౌనాన్ని గురించి బహిరంగంగా రాసిన తర్వాత డ్రే, తాను బాధించిన స్త్రీలకు క్షమాపణ చెప్పాడు. హిప్‌హాప్ ఎప్పుడు చెడిపోయిందన్న ప్రశ్నను ఒక స్త్రీ అడిగి ఉంటే జవాబులోని సంవత్సరం వేరుగా ఉండేది.

ఆ ప్రశ్నను అడిగిన రచయిత్రి ఉంది. జమైకాలో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన పాత్రికేయురాలు జోన్ మోర్గన్ 1999లో ‘వెన్ చికెన్‌హెడ్స్ కమ్ హోమ్ టు రూస్ట్’ ప్రచురించింది. తనను అవమానించే సంగీతాన్ని తాను ఎందుకు ప్రేమిస్తున్నదన్నది ఆ పుస్తకంలోని కేంద్ర సమస్య. ఆమె ఆ ప్రేమను వదులుకోదు, అవమానాన్ని క్షమించదు. స్త్రీని దూషించే పురుషుడి మాటలో అతడి భయాన్నీ గాయాన్నీ చదువుతుంది, చదివి కూడా లెక్క అడుగుతుంది. ఒకప్పుడు బాగుండేదన్న ఆసరా ఆమెకు లేదు. అందువల్ల ఆమె నిష్ఠూరం జ్ఞాపకం మీద గాక సంబంధం మీద నిలుస్తుంది. అలంకారశాస్త్రం చెప్పిన ఖండితకు హిప్‌హాప్‌లో ఎవరైనా దగ్గరగా వస్తే మోర్గనే వస్తుంది.

2002లో ‘బ్రౌన్ షుగర్’ అనే చలనచిత్రం వచ్చింది. అందులో కథానాయిక సంగీత పత్రికా సంపాదకురాలు. హిప్‌హాప్‌ను ఎప్పుడు ప్రేమించావని కళాకారులను అడగడం ఆమె వృత్తి. ఆ చిత్రం కోసం ఎరికా బాడు ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ పాడింది. బాల్యస్నేహం, ఎదుగుదల, ఎడబాటు అన్నీ కామన్ పాటలోని వరుసనే గుర్తుకు తెస్తాయి. అయితే ఇక్కడ ప్రేమించేది, జ్ఞాపకం చేసుకొనేది స్త్రీ. హిప్‌హాప్ ఆమె ప్రియుడు. ఆమె అతడిని చెడిపోయినవాడనదు. పాట నడుమ ఒక పురుష కంఠం కొన్ని పాదాల సేపు వచ్చి, తన మాట చెప్పి, మళ్ళీ ఆమె గొంతుకు చోటిస్తుంది. ఆ కంఠం కామన్‌ది.